క్వినైన్, ఐదు మార్కులు

రేకుల కప్పు మీద వాన మొదలైతే
గులూలో పాఠం సాగదు.
నా మాట మూడో బెంచీ దాకా వెళ్ళి తడిసిపోతుంది.
అందుకని సుద్దముక్కతో పెద్దగా రాస్తాను:
క్వినైన్.
కింద గీత. గీత చివర సుద్ద విరుగుతుంది,
ప్రతి ఏడూ అక్కడే.

మా అచోలీలో చెట్టుకీ మందుకీ ఒకటే మాట, యాత్.
ఇది నిజంగానే చెట్టు, అంటాను అరిచి.
ఎక్కడిదో అడవి బెరడుని ఒలిచి, ఎండబెట్టి,
తెల్లగా చేసి, చిన్న సీసాలో కుక్కి
మెడ దగ్గర గడువు తేదీ వేశారు.
పిల్లలు నవ్వుతారు.
నవ్వు వినిపించదు, పళ్ళు కనిపిస్తాయి.

మోతాదు కిలోకి పది మిల్లీగ్రాములు.
అర్ధాయువు పదకొండు గంటలు,
జ్వరం ముదిరిన ఒంట్లో ఇంకా ఎక్కువ.
సగం పోతుంది, మిగిలినదాంట్లో సగం పోతుంది,
మళ్ళీ అందులో సగం.
"మరి సున్నా ఎప్పుడొస్తుంది మేడమ్?"
లెక్క ప్రకారం రాదు.
ఒంటి ప్రకారం వస్తుంది, అనుకోండి.

దుష్ఫలితాలు:
చెవుల్లో హోరు. మసక చూపు. తల తిరుగుడు.
నాలుగోది రాయకుండా సంచీలోంచి
అరకిలో చక్కెర పొట్లం తీసి బల్ల మీద పెడతాను.
నా పిచ్చి గురించి సీనియర్లు ముందే చెప్పి ఉంటారు,
పిలోయా పక్కమ్మాయిని మోచేత్తో పొడుస్తుంది.

ఇక ఇది వాళ్ళకి చెప్పను.
చెబితే కథ గుర్తుంటుంది, చక్కెర మరిచిపోతారు.

కిట్గుం రోడ్డు మూసేసిన నెల అది.
డెక్స్‌ట్రోస్ సీసాలు అయిపోతే
ఉప్పునీళ్ళలో కలిపి ఎక్కించాం.
నాలుగేళ్ళ పిల్ల, లకోత్,
వానలో పుట్టినవాళ్ళకి మావాళ్ళు పెట్టే పేరు.
అర్ధరాత్రికి ఒళ్ళు చల్లబడింది.
మూడు రోజులుగా కన్ను మూయని తల్లి
నా చెయ్యి పట్టుకుని అంది:
ఇప్పుడే నిద్రపట్టింది, లేపకమ్మా.
నేను లేపలేదు.
మందు మలేరియాతోపాటు
ఆ చిన్న ఒంట్లో చక్కెరనీ ఊడ్చేస్తోందని
నాకు తెలుసు. రాసి పాసయ్యాను కూడా.
పక్క గదిలోకి వెళ్ళి టీ కలుపుకున్నాను.
మూడు చెంచాలు.
చెంచా గ్లాసుకి తగిలిన చప్పుడు,
గోడకి అటువైపు పిల్ల.

"మేడమ్, ఇప్పుడెవరూ క్వినైన్ వాడటం లేదు కదా,
ఆర్టిసునేట్ వచ్చి ఎన్నేళ్ళో అయింది."
ఓజారా. నిలబడి మరీ అడిగాడు, గొంతు చించుకుని.
నిజమే నాయనా.
మందు మారింది, దోమ మారలేదు.
ముదిరిన మలేరియా తనంతట తనే చక్కెర తినేస్తుంది.
రాసుకో.
"పరీక్షలో వస్తుందా?"
వస్తుంది. ఐదు మార్కులు.
అప్పుడు అందరి తలలూ ఒక్కసారి వంగుతాయి.

డెబ్బై రెండు పేపర్లు.
చెవుల్లో హోరు దాదాపు అందరికీ వచ్చింది.
రక్తంలో చక్కెర తగ్గుట, కొందరు ఎర్ర సిరాతో,
కొందరు పక్కవాడి తప్పుతో సహా.
ఓజారా అర్ధాయువు దగ్గర గ్రాఫు గీసి
ఆ వంపుగీతని కాగితం అంచు దాటించి
బల్ల మీదికి పోనిచ్చినట్టున్నాడు. అర మార్కు ఎక్కువేశాను.

న్యేకో పేపర్లో నాలుగో వరుస:
నిద్రపోతున్న పిల్లని లేపాలి. తల్లి వద్దన్నా లేపాలి.

నేను చెప్పలేదు.
పుస్తకంలో లేదు.
ఆ కుర్రాడిది కిట్గుం వైపని
హాజరు పట్టీలో ఎక్కడో చూసిన గుర్తు.
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి,
మిగతా డెబ్బై ఒకటీ దిద్దాక చూద్దామని
ఆ కాగితాన్ని కట్ట అడుగున పెట్టాను.